బెల్లమింటి ముసల్ది

మొన్న హన్మకొండల రోడ్డు పక్కన ఒకామె గంపల ఇప్పపువ్వు లడ్డూలు పెట్టుకొని కూసున్నది. బండి ఆపిన. ఎండిన పువ్వును పెంక మీద ఏంచి, నువ్వులు, బెల్లం ఏసి రోట్లె దంచితె లేసే ఆ వాసన, కొంచెం సారా లెక్క, కొంచెం వానకు నానిన గడ్డి లెక్క ఉండే ఆ వాసన ముక్కుల పడంగనె, జనగామల మా రెండర్రల ఇల్లు, ఇంటి ముంగటి అరుగు, ఆ అరుగు మీద కాళ్లు సాపుకొని కూసున్న మా అవ్వ యాదికొచ్చిన్రు.

అవ్వంటె మా నాయినను, బాపును, కన్న తల్లి. ఆమె ఊరు టేకుమట్ల. పత్తి ఏరుడు అయిపోంగనె ఒక మూటల ఇప్పపువ్వు, ఇంకో మూటల కందులు కట్టుకొని, రెండు బస్సులు మారి మా దగ్గరికి వచ్చేది. బాపు బస్సు డిపోల మెకానిక్. అవ్వ వచ్చిందంటె మా గల్లీ పిల్లలందరికీ పండుగే, ఎందుకంటె ఆమె అరుగు మీద ఉన్నంతసేపు ఒక్క పిల్లను గూడ ఉత్త కడుపుతోని పోనిచ్చేది కాదు. తొక్కుడు బిళ్ల ఆడుకుంట పోయేటోళ్లను, గోటీల కోసం కొట్లాడుకునేటోళ్లను, బడి నుంచి సంచి ఈడ్చుకుంట వచ్చేటోళ్లను ఒక్కటే తీరుగ పిలిచేది: "ఏంది పిల్లగాండ్లూ, ఎటు పోతాన్రు? జర ఆగుండ్రి, బుక్కెడు బువ్వ తినిపోండ్రి." సల్ల పోసి, ఉల్లిగడ్డ నంజుకు పెట్టి, ముద్దలు కలిపి చేతులల్ల పెట్టేది. ఆమె ముద్దకు ఎప్పుడూ కొంచెం తంబాకు వాసన ఉండేది.

అప్పుడు మా గల్లీ మొదట్ల ఒక సీడీల దుక్నం ఉండేది. ఇంగ్లీషు సినిమాలను తెలుగుల మాట్లాడిచ్చిన సీడీలు ఆడ దొరికేవి. అండ్ల మాకు పిచ్చెక్కిచ్చింది 'బెల్లమిల్లు'. అసలు పేరు ఏదో ఉండె, మేం పెట్టుకున్న పేరు ఇది. కథ అందరికీ ఎరికైనదే: అడివిల తప్పిపోయిన అన్నాచెల్లెలు, తీపి పదార్థాలతోని కట్టిన ఇల్లు, లోపట పిల్లల్ని తినే ముసల్ది. మా ఇంగ్లీషు వాచకంల ఆ ఇల్లు రంగురంగుల బొమ్మ. సినిమాల మాత్రం చెట్లకు వేళ్లుంటయి, గోడల మీది బెల్లం నల్లగ కారుతది, ముసల్దాని నీడ ఆమె కంటె ముందుగాల నడుస్తది. నేను, టైలర్ ఖాజా చిచ్చా బిడ్డ నసీమా, ఒకే దుప్పటి కప్పుకొని మళ్ల మళ్ల సూసినం. పిల్లలిద్దరు, వాళ్ల నాయిన, చివరికి ఆ అడివిల నక్క గూడ పుస్తకంల అచ్చేసినట్టు మాట్లాడేటోళ్లు. ముసల్దొక్కతే మా తీరుగ మాట్లాడేది. "ఏంది పోరగాండ్లూ, గిటు రాండ్రి" అని ఇకిలిచ్చి గొంతు సాగదీసేది. దుప్పట్ల మేం గూడ నవ్వుకున్నం. మాకు అప్పటికి ఏం తట్టలె.

ఏడో తరగతిల స్కూల్ డేకు డ్రామా సారు ఆ సినిమానే నాటకం ఏపిస్తనన్నడు. ఆయన మాకు సోషల్ చెప్పేటోడు. తెల్లంగి, గీత గీసినట్టు పాపిట, ఒక్క అచ్చరం తప్పిపోని తెలుగు. తనది కృష్ణ ఒడ్డున ఊరని చెప్పేటోడు. మేం "వచ్చినం సార్" అంటె "వచ్చాము అనాలి, మనుషుల్లా మాట్లాడండి" అని చెయ్యి సాపుమని స్కేలుతోని కొట్టేటోడు. ముసల్దాని వేషం నాకిచ్చిండు. "నీకు ప్రాక్టీసు అక్కర్లేదమ్మా, నీ నోరే చాలు" అంటె క్లాసంత గొల్లుమన్నది. ఆయన రాసిచ్చిన మాటలు సూస్తె, అవ్వ అరుగు మీద పిలిచే పిలుపే. ఆ పిలుపును ఎట్ల సాగదియ్యాల్నో, యాడ ముక్కుతోని అనాల్నో ఆయననే నేర్పిండు.

స్కూల్ డే నాడు నన్ను సూద్దామని అవ్వ జరీ అంచు చీర కట్టుకొని వచ్చింది. మొదటి వరుసల కూసున్నది. నేను ఖాజా చిచ్చా కుట్టిన నల్లంగి ఏసుకొని, మొఖానికి బొగ్గు రాసుకొని, "జర ఆగుండ్రి, బుక్కెడు బువ్వ తినిపోండ్రి" అనంగనె షామియానా కింద నవ్వులు, ఈలలు. నాకు సంబురమయింది. పిల్లలు నన్ను పొయ్యిల తోసినప్పుడు ఇంకా పెద్దగ నవ్విన్రు.

ఇంటికి నడుసుకుంట వస్తాంటె అవ్వ గల్లీ మలుపు కాడ ఆగి, "బిడ్డా, నువ్వు నా లెక్క మాట్లాడితె గంతమంది ఎందుకు నవ్విన్రు?" అన్నది.

తెల్లారి నుంచి ఆమె అరుగు మీద కూసునుడు బందయింది. పిల్లలు పోతాంటె లోపల్నుంచి సూసేది గని పిలిచేది కాదు. నాలుగు దినాలకు నసీమా వచ్చి, "అవ్వకు పాణం బాగలేదా?" అన్నది. అప్పుడు నా లోపట కోపం రాజుకున్నది, ఊక కింది నిప్పు లెక్క, పొగ బయటికి రాకుంట.

ఆ కోపం వానకాలం అంత ఉన్నది. అదే వానకాలంల సీడీల దుక్నంకు రెండో భాగం వచ్చింది. కాలిపోయిన ముసల్దాని చెల్లె బాయిల నీళ్లల్ల నుంచి లేసి వస్తది. ఆమెది గూడ మా మాటే. "ఈసారి జిల్లా పోటీకి తీసుకెళ్దాం" అన్నడు సారు. ఇంతల సొంత రాష్ట్రం కావాలని సమ్మె వచ్చింది. బడులు మూసిన్రు, బస్సులు ఆగినయి, బాపు డిపో గేటు ముంగట కూసున్నడు. అవ్వ మోకాళ్లు దవాఖానల సూపెట్టుకోవాలని మా దగ్గర్నే ఉండిపోయింది. ఊరంత తంగేడు పువ్వు, డప్పుల సప్పుడు, రోడ్ల మీద టైర్లు కాలిన కమురు వాసన.

ఒకనాడు పొద్దుగాల హైదరాబాదు రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు. రోడ్డుకు అడ్డంగ రాళ్ల పొయ్యిలు, డేగిశలు, పప్పు ఉడుకుతాన్న వాసన. అవ్వ ఆడోళ్లతోని కూసొని ఉల్లిగడ్డలు కోస్తాంది. సార్లందరు వచ్చిన్రు, డ్రామా సారు గూడ. లారీ మీద పాటలు పాడేటోళ్లు అలిసిపోయి "పిల్లలెవరన్న ఏమన్న చేస్తరా?" అంటె, నేను, నసీమా ఎక్కినం. మా సొంత రెండో భాగం మేం ముందే అనుకొని పెట్టుకున్నం. అండ్ల చెల్లె బాయిల నుంచి లేసి వచ్చి ఎవ్వల్ని తినది. అక్కను కాలబెట్టినోళ్ల రాజును పిలిపిచ్చి, అక్క మాటను అక్క లెక్కనే అనమంటది. సక్కగ అన్నదాక ఇడువది.

"రాజు వేషానికి మా సారు రావాలె" అన్న మైకుల. జనం చప్పట్లు కొట్టిన్రు. ఆయన నవ్వుకుంటనే ఎక్కిండు. నేను మాట చెప్పిన. ఆయన నాకు నేర్పినట్టే ముక్కుతోని సాగదీసి అన్నడు: "బుక్కేడూ బువ్వా తినిపోండ్రీ..."

ఒక్కలు నవ్వలె. డేగిశల పప్పు కుతకుతమనుడు ఇనపడ్డది.

"గట్ల కాదు సారూ" అన్నది నసీమా.

ఆయన మళ్ల అన్నడు. చెమట తుడుసుకున్నడు. నేను చాలనుకున్న. అప్పుడే కింద నుంచి, ఉల్లిగడ్డ మీద నుంచి తలకాయ ఎత్తకుంటనే అవ్వ అన్నది: "ఇంకోపారి."

ఈసారి ఆయన మొఖం పక్కకు తిప్పుకొని, గబగబ, ఏ ఎచ్చుతగ్గులు లేకుంట అన్నడు: "జర ఆగుండ్రి బిడ్డలాలా, బుక్కెడు బువ్వ తినిపోండ్రి." ఆ 'బిడ్డలాలా' నేను చెప్పింది కాదు. అట్ల అనుడు పుట్టుకతోని రావాలె గని నేర్చుకుంటె రాదు. ఆయన మా దిక్కోడేనని అందరికీ తెలిసిపోయింది.

అవ్వ కత్తిపీట ఇడిసి లేసింది. "నీదే ఊరు సారూ?"

"మన దిక్కే, కురవి పక్కకు, అవ్వా" అన్నడాయన సన్నగ.

"మరి గా దినం గంతమందిని ఎందుకు నవ్విచ్చినవ్?"

"నా మాటకు నవ్వేటోళ్ల నడుమ సదువుకున్న. ముందుగాల నేనే నవ్వితె నన్ను ఇడిసిపెడ్తరని..."

"గా ముచ్చట నీ కన్నతల్లికి చెప్పుకో. నాకెందుకు?" అని అవ్వ మళ్ల కూసున్నది.

పెద్దోళ్లు ఎవరో ఆయన భుజం మీద చెయ్యేసి కిందికి దింపిన్రు. నాకు జాలి రావాలె గావచ్చు. రాలె. తెలువక నవ్వినోని మీద కన్న, తెలిసీ నవ్విచ్చినోని మీదనే నాకు కోపం ఎక్కువైంది. బువ్వలు పెట్టేటప్పుడు అవ్వ గరిటె పట్టింది. వచ్చినోళ్లందరిని, పోలీసాయనను గూడ, "తిను బిడ్డా, జర కడుపు నిండ తిను" అని పలకరిచ్చుకుంట పెట్టింది. సారు విస్తరి సాపితె అందరి కన్న ఒక గరిటె ఎక్కువే ఏసింది గని, ఒక్క మాట అనలె. ఆయన ఆ విస్తరి పట్టుకొని సానసేపు ఆడనే నిలబడ్డడు, ఒక్క మాట పడ్తదేమోనని. ఎనుక లైన్ల నిలబడి సూసిన నాకు, నిజం చెప్తాన, ఆ దినం పప్పు బువ్వ ఉన్నంత కమ్మగ మళ్ల ఏదీ లేదు.

సమ్మె అయినంక ఆయన బడికి వచ్చిండు గని నాటకాలు ఏపియ్యలె. స్కేలు పట్టలె. ఆ యేడు పరీక్షలయినంక మానుకోట దిక్కు పోయిండన్నరు.

రాష్ట్రం వచ్చింది. దాన్ని సూసినంకనే అవ్వ పోయింది. సీడీల దుక్నం జాగల ఇప్పుడు మొబైల్ రిపేర్లు చేస్తాన్రు. అరుగు రోడ్డు వెడల్పుల పోయింది, ఎవ్వల పిల్లలూ ఎవ్వల ఇంటి ముంగటా ఆగుతలేరు. సినిమాలల్ల హీరోలు మా మాట మాట్లాడితె జనం ఈలలేస్తాన్రు. నేను ఏస్తలేను.

పోయిన వారం ఆఫీసుల ఫోన్ల మా బాపుతోని మాట్లాడి పెట్టేసిన. పక్క సీటామె మురిపెంగ నవ్వి, "మీ భాష భలే ముద్దుగా ఉంటుందండీ, ఇంకోసారి అనరా" అన్నది. అవ్వ అయితె ఒక్క మాటతోని తెంపేది. నాకు గంత చాతగాదు. పక్క సీటామె నవ్వు మెల్లమెల్లగ దిగి, పెదవులు దగ్గరికొచ్చేదాక, రెప్ప కొట్టకుంట ఆమె మొఖంలకే సూసుకుంట కూసున్న.