మొక్కుతున్నాడా, దూరుతున్నాడా?

మా మాస్టారు నిన్న పొద్దున పోయారు. గోల్ బజార్‌లో కూరలు బేరమాడుతుంటే ఫోనొచ్చింది. బేరం మరిచిపోయి, సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆయన మాకు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పారు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన రైల్వే కుటుంబం వాళ్ళది. పాఠం పుస్తకాల భాషలో మొదలై, కాసేపటికే ఇంటి మాటలోకి జారిపోయేది. టీ కొట్టు దగ్గర నిలబెట్టి, ఎదురుగా వచ్చేవాడు ఇప్పుడేం చేస్తాడో చెప్పమని మమ్మల్ని వేధించేవారు.

మా ఊరి శివారు లాల్‌ఖదాన్ దగ్గర ఆగివున్న గూడ్సు కింద నుంచి జనం దూరి అవతలికి పోతుంటారు. బండి కదిలితే అంతే సంగతులు. కెమెరాలో చూసి, మనిషి దూరబోతున్నాడని కనిపెట్టి, సైరన్ మోగించే ప్రోగ్రాం ఆయన మా చేత రాయించారు. మొదట్లో అది అయినవాడికీ కానివాడికీ మోగేది. డ్యూటీకి వెళ్ళే మనవాళ్ళు వంగి, రైలు పట్టా ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు కదా, దాని లెక్కలో అదీ దూరడమే. అందుకని మొక్కడమంటే ఏమిటో దానికి నేర్పాం.

అధికారుల ముందు పరీక్ష. అందరం పట్టాల పక్క కేబిన్‌లో తెర ముందున్నాం. బుట్టతో ఒకావిడ వచ్చి గూడ్సు పక్కన వంగింది. "మొక్కుతోంది" అని పడింది తెర మీద. సైరన్ మోగలేదు. అవతల గూడ్సుకి సిగ్నల్ పచ్చబడింది.

"బుట్ట ముందుకి తోసీసింది! మొక్కేవోళ్ళు బుట్ట తోస్తారేటి?" అని అరుస్తూ మాస్టారు తనే సైరన్ మీట నొక్కేశారు. ఆవిడ వెనక్కి దూకింది. బయటికి పరుగెత్తిన మమ్మల్ని చూసి, "ఏటి బాబూ, గుండె జారిపోనాది!" అని తిట్టిపోసింది.

"అచ్ఛా, ఎవరికీ ఏం కాలేదుగా, పాసైందని రాసేద్దాం" అన్నారొక అధికారి.

"లేదు సార్. ఫెయిలని రాయండి" అన్నారు మాస్టారు.

పని ఆగిపోయింది. ఆయన మీద మాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం మర్నాడే మళ్ళీ మొదలుపెట్టారు. "ఒక్క ఫోటో సూసి మనిషి ఏటి సేస్తన్నాడో సెప్పకండి. అంతకు ముందేటి సేసినాడో సూడండి" అన్నారు. ఆ మాట పట్టుకునే ప్రోగ్రాంని మార్చాం. ఆ మొండితనానికి ఇవాళ్టికీ ఆయనకు ఋణపడి ఉన్నాను.

ఎలాగో అధికారులు రెండో పరీక్షకి ఒప్పుకున్నారు. ఒకతను సంచి గూడ్సు కిందకి విసిరి, వంగాడు. తల పెట్టకముందే సైరన్ మోగింది. ఉలిక్కిపడి పక్కకి గెంతాడు. గూడ్సు కదిలింది.

మేం చప్పట్లు కొట్టాం. మాస్టారు కొట్టలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని ఒక్కో పెట్టె పోతుంటే చూస్తూ నిలబడ్డారు. ఆఖరి పెట్టె దాటింది. ఖాళీ పట్టాల మీద ఎవరూ లేరని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసుకుని, అప్పుడు గోడకి చేరగిలబడి కూర్చున్నారు.