రంగూన్ చెట్టుకు కట్టిన అంట్లు

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ వెనక ఒక పాత బంగళా ఉండేది. దొరలు వెళ్ళిపోయాక అందులో ఎవరూ ఉండలేదు. ఆ ఆవరణలో ఒక చెట్టు. దాని లేతాకులు రాగిరంగులో, తడిగుడ్డల్లా వేలాడేవి. చలి తగ్గేసరికి కొమ్మల నుంచి ఎర్రటి పూలగుత్తులు కిందికి దిగేవి. దాని పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు.

శ్రీకాకుళం నుంచి మా దగ్గరికి వచ్చేసిన మా అమ్మమ్మ దాన్ని చూడగానే దగ్గరికెళ్ళి ఒక పూలగుత్తి చేతిలోకి తీసుకుంది. ఆమె పుట్టి పెరిగింది రంగూన్‌లో. యుద్ధం రోజుల్లో అడవుల వెంట నడిచి తిరిగొచ్చిన మనిషి. "ఇది మా రంగూన్ చెట్టే గుంటా. ఆడ బుద్ధుడికి ఈ పూలే పెట్టేవోరు" అంది.

ఆ ఏడే బంగళా పడగొట్టి కొత్త క్వార్టర్లు కడతారని తెలిసింది. చెట్టు కూడా పోతుంది. గింజలు ఏరుకుందామన్నాను. చింత, తంగేడు జాతిదే అయినా దీనికి కాయ నిలవడం అరుదని అమ్మమ్మ చెప్పింది. తిన్నగా పడగొట్టే పని చూసే మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, వానలు వెళ్ళేదాకా ఆగమని అడిగింది. అతను "ఠీక్ హై, అమ్మా" అన్నాడు.

తొలకరి పడగానే అందిన కొమ్మలకల్లా గాజులా చుట్టూ బెరడు ఒలిచి, పేడమట్టి మెత్తి, కొబ్బరిపీచుతో, గోనెగుడ్డతో అంట్లు కట్టింది. నాకు భయమేసింది. "సంపేత్తన్నావేటి, అమ్మమ్మా?"

"సంపడం కాదే. సారం దిగే దారి మూసేత్తే ఆడే ఏరు దిగుతాది."

రోజూ ఇద్దరం ఆ కట్లు తడిపేవాళ్ళం. చాలావరకు ఎండిపోయాయి. దుర్గాపూజ నాటికి కొన్నిటి గోనెలోంచి తెల్లటి వేళ్ళు తొంగిచూశాయి. ఆ కొమ్మలు కోసుకున్నాక చెట్టును నరికేశారు.

అన్నీ మన పెరట్లోనే పెడదామని పట్టుబట్టాను. అమ్మమ్మ ఒకటే ఉంచింది. ఒకటి మా వీధి చివరి పాస్టరమ్మకు, ఒకటి తాల్‌బగీచాలో చెరువు పక్కన ఉండే బెంగాలీ దీదీకి ఇచ్చేసింది. నేను అలిగితే పక్కన కూర్చోబెట్టుకుంది.

"రంగూన్నించి వచ్చినప్పుడు మా అయ్య మమ్మల్నందర్నీ ఒక్క గుంపుల నడిపించనేదు. ఎవులో ఒకరైనా మిగలాలని తలో గుంపుల పంపినాడు. నేనొక్కదాన్నే మిగిలినాను."

 

మా పెరట్లోది మరుసటి వేసవి వడగాలికే మాడిపోయింది. పాస్టరమ్మ వాళ్ళది గాలివానకు విరిగింది. దీదీ ఇంటిది నిలబడింది. అది మొదటిసారి పూసినప్పుడు దీదీ కబురుపెట్టి, అమ్మమ్మను దాని కిందే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అమ్మమ్మ రాలిన పువ్వొకటి తీసి కళ్ళకద్దుకుంది.

బర్మా అడవుల్లో ఇప్పుడా చెట్టు దాదాపు లేదట. అది చదివినప్పుడు, తన అంట్లు పరాయి ఇళ్ళకు నవ్వుతూ మోసుకెళ్ళిన అమ్మమ్మ నాకు ఇంకా గొప్పగా కనిపించింది. అప్పటినుంచీ నాకు బాగా నచ్చిన మొక్క ఏది దొరికినా, ముందు పక్కింటి వాళ్ళకు ఒక కొమ్మ ఇచ్చాకే నా కుండీలో పెట్టుకుంటాను.