మూడోసారి వచ్చిన సర్వే పిల్ల

ఐజ్వాల్‌లో తల్లిని పెద్దబిడ్డ పేరుతోనే పిలుస్తాం. నడుముకు చుట్టుకునే పువాన్లు నేసి ఇద్దరు పిల్లల్ని పెంచిన మా కింది ఇంటావిడ అలాగే అందరికీ జువాలా అమ్మ అయింది. భర్త పోయినప్పుడు కూడా ఆమె మగ్గం తొమ్మిది రోజులే ఆగింది. ఈ వానాకాలంలో జువాలా ఇల్లు విడిచిపోయాక మళ్లీ ఆడలేదు.

నిరుడు బియాకి అనే పిల్ల మత్తుమందుల సర్వేకి వచ్చింది. ఇంటికి ఒక్కరినే అడుగుతారట; ఇంట్లో ముగ్గురి వయసులూ రాసుకుని, తన పట్టికలో ఎవరి వంతో చూసి జువాలా పేరు తీసింది. కొడుకు అలవాటు బయటపడుతుందని తల్లి భయపడి, వాడి బదులు చెల్లెల్ని కూర్చోబెడతానంది. పేరు పడ్డవాడే చెప్పాలట, మార్చకూడదట. వాడు తలుపేసుకుని అరగంట మాట్లాడాడు. ఏడాదికి మళ్లీ కలవాలి, నీ ఆచూకీ ఎవరికి తెలుస్తుందని అడిగితే తల్లి పేరు, తర్వాత నా పేరు రాయించాడు. వాడలో ఎవరెక్కడున్నారో ఆరా తియ్యందే నాకు అన్నం సయించదని వాడికి తెలుసు.

ఏడాది తిరిగి బియాకి వచ్చినప్పుడు జువాలా అమ్మ పరువుకు వెరచి, కొడుకు చంపాయ్‌లో పనికి పోయాడని అబద్ధం చెప్పింది. రెండోసారి నేనే, వాడు చెప్పకుండా పోయాడని అసలు సంగతి చెప్పేశాను. జీపుల స్టాండు, ఆసుపత్రి, మత్తు మాన్పించే చోటు, అన్నీ నేను అడిగొచ్చినవే. వాడ కుర్రాళ్లు రెండు రోజులు లోయంతా గాలించి మానేశారు.

మొన్న బియాకి మూడోసారి వచ్చి, జువాలా అమ్మ ఇచ్చిన టీ ముట్టకుండా మా ఇద్దరి ముందు కూర్చుంది.

"ఇదే ఆఖరమ్మా. ఒక్కొక్కరి కోసం మూడుసార్లే తిరగనిస్తారు. ఇవాళ ఆచూకీ లేదని రాసి మూసెయ్యాలి."

"వాడి బదులు నన్నడుగు. ఎన్నిసార్లు సూది పొడుచుకున్నాడో వాడికన్నా నాకే బాగా తెలుసు."

"అలా ఒప్పుకోరమ్మా."

"నువ్వూ మానేస్తే ఇంక వాణ్ణి వెతికేదెవరే పిల్లా?"

బియాకి కాగితం తిప్పి చూసింది. ఇంకో ఊళ్లో చిరునామా దొరికితే మాత్రం కాగితాలు అక్కడి సర్వే మనిషికి వెళ్తాయని, వాళ్లు మళ్లీ మొదటినుంచీ తిరుగుతారని నెమ్మదిగా చెప్పింది.

జువాలా అమ్మ వెంటనే అందుకుంది. లుంగ్లేలో తన పినతల్లి కొడుకు ఉన్నాడట, జువాలా అక్కడికే పోయుంటాడట. ఆమెకు అసలు పినతల్లే లేదు.

బియాకి నావైపు తిరిగింది. "నిజమేనా పెద్దమ్మా?"

"నిజమే. బజారు దాటాక ఎర్ర రేకుల ఇల్లు," అన్నాను.

నమ్మిందో లేదో, రాసుకుంది. రోడ్డు మీదికి మెట్లెక్కుతుంటే జువాలా అమ్మ వెనకే పోయి చెయ్యి పట్టుకుంది.

"అక్కడ కూడా మూడుసార్లేనా?"