ఖాజీ ఎదుట మా మేనమామ

మొన్న కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో, నా ముందు సీట్లో ఇద్దరు గల్ఫ్ చట్టం గురించి మాట్లాడుకుంటున్నారు. "గాడ తప్పు చేస్తె మెడ మీద కత్తే" అని ఒకాయన తేల్చేశాడు. రెండో ఆయన కాదనలేదు. నాకు మాత్రం మా మేనమామ గుర్తొచ్చాడు.

మామ గల్ఫ్‌లో నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. అరబ్బీకి మన యాస తగిలించి మాట్లాడితే అక్కడివాళ్లు నవ్వుకుని టీ పోసేవారట. అట్లాంటి మనిషి బండి కింద ఒక మధ్యాహ్నం, రోడ్డు దాటుతున్న ముసలాయన పడి చనిపోయాడు. మామను జైల్లో పెట్టారు. ఆ కబురు తెలిశాక, బస్సులో ఆయన అన్న మాటే కోరుట్లలో మా వీధంతా అన్నది. అత్త అన్నం ముట్టడం మానేసింది. చివరికి మసీదులో పిల్లలకు చదువు చెప్పే మౌల్సాబు ఇంటికి వచ్చి, గడప దగ్గరే కూర్చుని ఆమెకు నెమ్మదిగా చెప్పాడు. "చెల్లె, తెల్వక జరిగిన చావుకు షరియత్‌ల ప్రాణం తీసుడు లేదు. సచ్చిపోయినాయన ఇంటోళ్లు పరిహారం అడగచ్చు, మాఫ్ చెయ్యచ్చు. గది వాళ్ల హక్కు. తీర్పు చెప్పే ఖాజీ గూడ కాదనడు." అత్త ఆ పూట రెండు ముద్దలు తిన్నది. కానీ పరిహారమే అడిగితే పొలమంతా అమ్మినా చాలదు, కట్టేదాకా జైలేనన్న దిగులు అట్లాగే ఉండిపోయింది.

తర్వాతి సంగతి మామ చెప్పిందే. పరిహారం కావాలా, మాఫ్ చేస్తారా అని కోర్టులో ఖాజీ అడిగితే ముసలాయన కొడుకులు "అమ్మ ఎట్లంటె అట్ల" అన్నారట. నల్ల బురఖాలో ఉన్న ఆ తల్లి మామ వైపు తిరిగింది. ఆమె మాటను దుబాసీ హిందీలో చెప్పాడు. మా ఆయన బండి కింద పడ్డాక నువ్వేం చేసినవని ఆమె అడిగింది.

"పారిపోలేదమ్మా" అన్నాడు మామ. "ఎండ మొకాన కొడుతుంటె నా తువ్వాల అడ్డం పట్టిన. పానం పొయ్యేదాంక చెయ్యి ఇడువలే."

"అయితె ఆయన ఒంటిగ పోలే" అన్నదట ఆమె. పరిహారం వద్దని, అల్లా కోసం మాఫ్ చేస్తున్నానని ఖాజీకి చెప్పింది. ప్రభుత్వం తరఫున పడిన జైలు శిక్ష వేరే ఉండింది. అది పూర్తిచేసుకుని మామ ఇల్లు చేరాడు.

ఇప్పుడు మా కోరుట్ల వైపు ఇబ్రహీంపట్నం దగ్గర పసుపు వేస్తున్నాడు. రంజాన్‌కు మౌల్సాబు ఇంట్లో సేమియా పాయసం తింటూ, "ఖాజీని నువ్వు సూసినవా, నేను సూసిన్నా?" అని షరియత్ మీద ఆయనతోనే వాదన పెట్టుకుంటాడు. మౌల్సాబు నవ్వి ఇంకో గరిటె వడ్డిస్తాడు. ఈ మధ్యనే మామకు మనవరాలు పుట్టింది. దాన్ని ఒళ్లో వేసుకుని ఆయన జోకొడుతుంటే నాకనిపిస్తుంది, మా ఇంట్లో నింపాదిగా గడుస్తున్న ఈ ఏళ్లన్నీ మామ తప్ప మేమెవ్వరమూ చూడని ఒక ముసలామె మాకు విడిచిపెట్టిన కాలమేనని.