వామాకు బిళ్ల చుట్టూ ఖాళీ

నా చిన్నప్పుడు నేను కోసిన కోతలన్నీ ఒకచోట పేరిస్తే రాయదుర్గం గుట్టలు వాటి పక్కన గులకరాళ్లు. కాకినాడ నుంచి మియాపూర్ వచ్చిన మొదటి వారంలోనే, మా ఊళ్లో నేను తిమింగలమెక్కి బడికి వెళ్లేవాణ్నని వీధి పిల్లలకు చెప్పాను. "ఏంది గీ కోతలు" అని ఒకడు లేచిపోయాడు. వాడి వెనకే గోలీలూ, మిగతా పిల్లలూ పోయారు. రెండో వారానికి మా ఇంటి మెట్లన్నీ నా ఒక్కడివే.

పక్కింటి అక్క గచ్చిబౌలి యూనివర్సిటీలో వామాకు నూనె మీద పరిశోధన చేసేది. ఆమె ఎక్కిన బస్సులో గచ్చిబౌలి చేరేదాకా ఎవరికీ జలుబు ఉండేది కాదు. మెట్ల మీద నన్ను చూసీ చూసీ, ఒక శనివారం తనతో ల్యాబ్‌కు తీసుకెళ్లింది. గంపెడు ఆకుకు ఆవిరి పట్టిస్తే సీసాలో నాలుగు చుక్కల నూనె దిగింది. అందులో కార్వక్రాల్, థైమాల్ అని ఇద్దరు పెద్దమనుషులున్నారనీ, ఘాటంతా వాళ్లదేననీ చెప్పింది. తరవాత మూత పెట్టిన గాజుపళ్లెం చూపించింది. పళ్లెం నిండా మసకమసకగా సూక్ష్మజీవులు. నడుమ ఆ నూనెలో ముంచిన కాగితపు బిళ్ల. దాని చుట్టూ, నా కంటికి క్రికెట్ మైదానమంత ఖాళీ. అక్క ఆ ఖాళీని స్కేలుతో కొలిచి మురిసిపోయింది. అది ఎంత పెద్దదైతే, సూక్ష్మజీవుల్ని చంపడానికి నూనెకు అంత బలమట.

నేను మాత్రం, "పాపం, దీంతో ఎవరూ ఆడరా అక్కా?" అన్నాను.

స్కేలు ఆగింది. ఆ సాయంత్రం అక్క తన కుండీలోని వామాకులు కోసి, శనగపిండిలో ముంచి బజ్జీలు వేసి, పళ్లెం తెచ్చి మెట్ల మీద నా ఒళ్లో పెట్టింది. నేను రెండోది నమిలేలోపు గోలీలవాడితో సహా అందరూ చేరారు. అక్క నా చెవి దగ్గర వంగింది. "గీ ఘాటు గూడ గా నూనెదేరా. ఉత్త నూనైతే దగ్గరికి ఎవ్వరు రారు. ఆకుల ఉన్నంతైతే అందరొస్తరు. నువ్వు గూడ కోతల్ల జర పలచగుండు."

అప్పటినుంచీ పలచబడటానికి కష్టపడుతూనే ఉన్నాను. ఇప్పుడు అదే రాయదుర్గంలో, మబ్బులు కిటికీ తుడిచిపోయేంత ఎత్తున ఒక్కణ్నే ఉంటున్నాను. ఎదురింటివాళ్ల చెప్పులు తెలుసు, ముఖాలు తెలియవు. మొన్న ఆదివారం బాల్కనీ కుండీలోని వామాకుతో బజ్జీలు వేసి వాళ్ల తలుపు కొట్టాను. ఎవరండీ అన్నారు లోపలినుంచి. తిమింగలం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, "ఎదురింటివాణ్నండి. బజ్జీలు కాస్త ఎక్కువయ్యాయి" అన్నాను.

ఎక్కువేం కాలేదు. వాళ్లకోసమే వేశాను. ఆకులో ఉండేంత అబద్ధమే అది.