తుడిచిన నాణెం

ఈ వానాకాలం మొదట్లో వన్ టౌన్‌లో ఒక కొట్టు ముందు నిలబడి రెయిన్‌కోటు కొంటున్నాను. మడత విప్పగానే నాకు తెలియకుండానే దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొట్టతను వింతగా చూశాడు. "అందరూ సైజు చూస్తారండీ. మీరేంటి మేడం, వాసన చూస్తున్నారు?" అన్నాడు. ఏం చెప్పను? మెత్తటి ప్లాస్టిక్‌కి ఒక వాసన ఉంటుంది. కొత్త చెప్పుల్లోనూ, బడి తెరిచిన రోజు పుస్తకాల అట్టల్లోనూ ఉండే వాసనే. ఆ వాసన కొట్టే కవరులో వెండి పెడితే కొన్నాళ్ళకు దానిమీద పచ్చటి జిగురు పడుతుంది. రెయిన్‌కోటులో నేను వెండి పెట్టబోవడం లేదు, నన్ను నేను పెట్టుకుంటాను. ఆ సంగతి ఎంత చెప్పినా నా ముక్కు వినదు. దానికి ఆ బుద్ధి నేర్పినవారు జీవరత్నం గారు.

జీవరత్నం గారు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ ల్యాబులో నీళ్ళూ బొగ్గూ పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అప్పటికే భార్య పోయారు, పిల్లలు లేరు. వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని నాణేల పని పెట్టుకున్నారు. పాత నాణేలు కావు. విదేశీ టంకశాలలు ఏటా కొత్తగా అచ్చువేసే మేలిమి వెండి నాణేలు. అవి కొని దాచుకునే సరదా ఉన్నవాళ్ళు మన జిల్లాలోనూ బాగానే ఉన్నారు. వాళ్ళ నాణేలను ఆయన పరీక్షించి, భద్రంగా కట్టి, విదేశంలో గ్రేడింగ్ చేసే సంస్థకు పంపేవారు. అక్కడ నిపుణులు ఒక్కో నాణేన్నీ చూసి డెబ్బైకి మార్కులు వేస్తారు. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, మార్కుల చీటీతో సహా తిప్పి పంపుతారు. డెబ్బైకి డెబ్బై వస్తే ఆ నాణెం పుట్టిన నాటి మొహంతోనే ఉన్నట్టు. దాన్ని ఎవరో తోమారనో తుడిచారనో వాళ్ళకు తేలిందంటే మాత్రం మార్కే ఉండదు. ఫలానా నాణేన్ని శుభ్రం చేశారు అని చీటీ మీద రాసేస్తారు. ఈ రంగంలో అంతకుమించిన అప్రతిష్ఠ లేదు.

నేను పామర్రు నుంచి బీకాం పట్టా పట్టుకుని ఉద్యోగం కోసం ఆ మెట్లెక్కిన రోజు ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒక వెండి నాణెం తీసి చాపారు. నేను దాన్ని అరచేతిలోకి తీసుకుని భక్తిగా కళ్ళకద్దుకున్నాను. వెండి చేతికొస్తే ఎవరైనా చేసే పనే కదా.

"వచ్చే దారిలో ఏం తిన్నావమ్మా?" అని అడిగారు.

"పునుగులండీ" అన్నాను.

"ఆ నూనె ఇప్పుడు రాణిగారి బుగ్గకంటుకుంది" అన్నారు. నాణెం మీద నిజంగానే ఒక రాణి బొమ్మ ఉంది. ఆయన నవ్వి, "కంగారు పడకు, అది పనికిరాని నాణెమేలే. వచ్చినవాళ్ళందరికీ అదే ఇస్తాను. రేపట్నించి రా" అన్నారు. ఎందుకు తీసుకున్నారని చాలాకాలం తరవాత అడిగితే, అబద్ధం చెప్పకుండా పునుగులన్నావు కదమ్మా అన్నారు.

ఆ గదిలో రెండే రెండు చట్టాలు. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి, ముఖానికి వేలు తగలకూడదు. నాణెం మీద మాట్లాడకూడదు. నోటి తుంపర పడితే వెండి మీద మచ్చ పడుతుంది. అందుకని బల్ల దగ్గర ఎవరి పనిలో వాళ్ళం మౌనం. దీపం ఒక పక్కన పెట్టి, నాణేన్ని వెలుగులో మెల్లగా వంచి, భూతద్దంలో చూసేవాళ్ళం. ఏదైనా చెప్పాల్సివస్తే ఆయన మొహం గోడవైపు తిప్పి చెప్పేవారు. కింద చేతిబళ్ళ వాళ్ళ కేకలు, స్టీలు బిందెల చప్పుడు, పైన మా ఇద్దరి నిశ్శబ్దం. మా ఇంట్లో నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. అలాంటిదాన్ని కొన్నాళ్ళకు కూరగాయల బండి దగ్గర బేరం కూడా మొహం పక్కకు తిప్పి ఆడేదాన్ని. నవ్వులాటకు చెప్పడం లేదు. సంబంధాలు వచ్చాయి, పోయాయి, ఆ తరవాత చూసేవాళ్ళే లేకపోయారు. అప్పటికి నేను మనుషులను కూడా అంచులు పట్టుకునే చూడటం నేర్చేసుకున్నాను. ఎవరినీ గట్టిగా పట్టుకోలేదు, నన్నూ ఎవరూ పట్టుకోలేదు.

ఒకసారి పామర్రు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. రైతు కుటుంబం. కొడుకు కొన్న వెండి నాణెం గ్రేడింగుకు పంపాలని చేతిగుడ్డలో చుట్టి తెచ్చింది. "చింతపండు పెట్టి తోమి, ఇంత విభూది కూడా రుద్దానండీ. నల్లగా ఉన్నది మీకెలా ఇస్తాం? ఇప్పుడు చూడండి, అద్దం!" అంది గర్వంగా. అద్దమే. ఒళ్ళంతా గీతలు. నేను నోరు తెరవబోయాను. జీవరత్నం గారు మొహం పక్కకు తిప్పి, "చాలా బాగుందమ్మా. ఇంత బాగున్నదాన్ని పరాయిచోటికి పంపడం దేనికి? దేవుడి దగ్గర పెట్టుకోండి. మీ అబ్బాయితో నేను మాట్లాడతాను" అన్నారు. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "పాడుచేశారని చెప్పొద్దాండీ? రేపు ఇంకోటి తోముద్ది."

"చెబితే గీత పోద్దా?" అన్నారాయన. "ఆవిడ ఇంకెప్పుడూ ఆ ఇంట్లో ఏదీ ముట్టుకోదు. అంతే అవుద్ది."

ఆ మాట అన్న తీరు నాకు వింతగా అనిపించింది. ఆయన అడుగు సొరుగు తీసి, ఒక గుండ్రటి డబ్బీలో ఉన్న నాణేన్ని నా ముందుంచారు. "చూడు" అన్నారు. దీపం కింద వంచి చూశాను. ఒక పక్కన, కొడవలి వంపులో, వెంట్రుకల్లాంటి సన్నని గీతలు.

"గుడ్డతో తుడిచారండీ."

"కొంగుతో" అన్నారు. "మా సుగుణ. పట్టుచీర కొంగు."

వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళయినప్పుడు ఆయన భార్యకు చీర కొనలేదట, వెండి పండగకు వెండి అని ఆ నాణెం తెప్పించారట. దానికి డెబ్బై ఖాయమని తనకు తనే తీర్పు చెప్పుకుని, పండగ అవగానే పంపుదామని దాచారు. ఆ సాయంత్రం క్వార్టర్స్‌లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, ఏదీ మీ ఆయన ఇచ్చిన కానుక, చూపించమ్మా అన్నారు. సుగుణమ్మ గారు డబ్బీ తెరిచి, నాణెం బయటికి తీసి, కొంగుతో శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో పాస్టరు గారికి అందించారు.

"పెద్దాయన చేతికిచ్చేది తుడవకుండా ఎలా ఇస్తానండీ అంది" అని చెప్పారు జీవరత్నం గారు. ఆ చెప్పడం గోడకే చెప్పారు, బల్లమీద నాణెం ఉంది కదా. "జనం వెళ్ళాక నేనన్న మాటలు ఇప్పుడు నోటితో చెప్పలేనమ్మా. నీ చెయ్యి పడింది ఏదీ బాగుపడదు అన్నాను. అది వాటిల్లో చిన్నది. తిరిగి ఒక్క మాట అనలేదు. మర్నాటినుంచి కాఫీ నా చేతికివ్వడం మానేసింది. బల్లమీద పెట్టి వెళ్ళేది. నేను చెయ్యి చాపినా సరే, బల్లమీదే పెట్టేది. కోపంతో కాదు. భయంతో. పోయేదాకా అంతే."

నాణెం మీద మాట్లాడకూడదన్న చట్టం ఆ పూట నాకు అక్కరకొచ్చింది.

ఆ తరవాత పంపిన పార్సిల్‌లో ఆయన ఆ నాణేన్నీ చేర్చమన్నారు. "దీనికి మార్కు రాదు కదండీ?" అన్నాను.

"రాకూడదనే పంపుతున్నాను. దీన్ని తుడిచారని ముక్కూమొహం తెలియనివాళ్ళు రాసి, సీలేసి ఇస్తారు. ఆ గీతలు సుగుణ చేతి గుర్తే కదా. ఇంక దానిమీద ఇంకెవరి చెయ్యీ పడదు."

మాట బాగానే ఉంది. కానీ ఆయన మొహంలో ఇంకోటి కూడా కనిపించింది నాకు. తను అన్ని మాటలు అనడానికి కారణం ఉందని, నాణెం నిజంగానే పాడైందని, ఎవరైనా ఒకరు ఒప్పుకోవాలని ఉందేమో. ఇది నా ఊహ. ఆయన ఎప్పుడూ అనలేదు, నేను అడగలేదు.

పంపిన నాణేలు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఖాతాదార్లు ఫోన్లు చేసి విసిగిస్తుంటే, పంట కోతకు రాకముందే కొడవలి నూరితే ఎలాగండీ అని సర్దిచెప్పే మనిషి, ఈసారి తనే పొద్దున్నే మెట్లెక్కుతూ "వచ్చిందా?" అని అడిగేవారు. భోజనం డబ్బా సగం తిని మూసేసేవారు. కింద కొరియర్ బండి ఆగిన చప్పుడైతే లేచి కిటికీ దగ్గరకు వెళ్ళేవారు. అది ఎప్పుడూ స్టీలు కొట్టుకే వచ్చేది.

వచ్చింది చివరికి. పార్సిల్ నేనే విప్పాను. సుగుణమ్మ గారి నాణెం తీసి చీటీ చూసి, ఆయన ముందుపెట్టాను. అరవై ఎనిమిది. పక్కన ఇంకే మాటా లేదు. తుడిచారని లేదు, తోమారని లేదు. శుభ్రంగా, హుందాగా ఒక అంకె. వేరే ఎవరికైనా అయితే ఆ మార్కుకు మిఠాయి పంచేవాళ్ళం.

ఆయన చీటీని భూతద్దంతో చూశారు. నాణెం పెట్టెను దీపం కింద వంచి చూశారు. గీతలు అక్కడే ఉన్నాయి.

"పొరబడి ఉంటారు సార్. మళ్ళీ పంపుదాం" అన్నాను.

"పొరబడలేదమ్మా. వాళ్ళు చూశారు. చూసి, ఇదేమంత పెద్ద గీత కాదనుకున్నారు." ఆయన గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది. "ల్యాబులో అన్నేళ్ళు పనిచేసి, పరీక్ష చెయ్యకముందే ఫలితం రాసేసుకున్నాను. ఇదేం పెద్ద గీత కాదులే సుగుణా. ఈ మాట ఆరోజు నేననుంటే సరిపోయేది."

అని, ఏడ్చారు. ఎవరైనా ఏడుస్తుంటే వెళ్ళి భుజం పట్టుకోవాలని నాకు తెలుసు. తెలిసి కూడా బల్లకు ఇవతలే నిలబడ్డాను. కాసేపటికి ఆయనే కళ్ళు తుడుచుకుని, "ఆ కటింగ్ ప్లేయర్ ఇలా ఇవ్వు" అన్నారు. గ్రేడింగైన నాణెం పెట్టెను పగలగొట్టడమంటే మా పనిలో పాపంతో సమానం. ఆయన అంచులు విరగ్గొట్టి, చీటీని పక్కన పడేసి, నాణేన్ని ఉత్త చేతులతో బయటికి తీశారు. నోటి దగ్గర పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకునేటప్పుడు చేస్తామే, అలా హా అని ఊదారు. జేబురుమాలుతో గట్టిగా, గుండ్రంగా తుడిచారు. తుడిచి నావైపు చాపారు. నేను అలవాటుగా రెండు వేళ్ళతో అంచు పట్టుకోబోయాను.

"అలా కాదు. చెయ్యి పట్టు" అన్నారు.

అరచెయ్యి చాపాను. నాణెం పెట్టి, నా వేళ్ళు తన చేత్తో మూశారు. వెండి వెచ్చగా ఉంది. అంతకు ముందు నా చేతిలో ఇంకో మనిషి ఏదైనా అలా పెట్టింది ఎప్పుడో నాకు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం నాకు చాలా బాధగా తోచింది.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. నిద్రలోనే పోయారు, నొప్పి తెలియకుండా. ఆ గది ఇప్పుడు నాది. రెండు చట్టాలూ అలాగే ఉన్నాయి. నాణేలు తోమి తెచ్చేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తోమిన నాణేన్ని గ్లవ్స్ తొడుక్కుని తెచ్చేవాళ్ళూ ఉన్నారు. నేను మొహం పక్కకు తిప్పి, చాలా బాగుందండీ అంటాను. సాయంత్రం తలుపు వేసే ముందు అడుగు సొరుగులోంచి సుగుణమ్మ గారి నాణెం తీస్తాను. నా చెమట తగిలి తగిలి అది నల్లబడింది. దానిమీదా రాణిగారి బొమ్మే, ఇప్పుడు ఆ ముక్కు కూడా సరిగ్గా కనిపించదు. దాన్ని మాత్రం అరచేతిలో పెట్టుకుని, దానిమీదే మాట్లాడతాను. ఎవరొచ్చారో, ఎవరి నాణేనికి ఎంతొచ్చిందో, అన్నం మాడిందో, అన్నీ. వినేవాళ్ళు లేని మాటలు చెప్పుకోవడం సిగ్గుగానే ఉంటుంది, కానీ ఆ గదిలో ఇంకెవరున్నారు?

రెయిన్‌కోటు బేరం కుదిరింది. కొట్టతను దాన్ని మడిచి, కవరులో పెట్టి, బల్లమీదకు విసరబోయాడు.

"చేతికివ్వు బాబూ" అన్నాను, చెయ్యి చాపి.

అతను ఆగాడు. చూరు నుంచి కారిన వాన చుక్కలు కవరు మీద పడ్డాయి. భుజం మీది తువ్వాలు తీసి కవరును ఒక్కసారి శుభ్రంగా తుడిచి, నా చేతిలో పెట్టాడు. నేను రెండు చేతులతో అందుకున్నాను.