పెళ్ళికొడుకు కనపడాలని కారు నెత్తి కోస్తారా?

ఏళ్ళ తరబడి కష్టపడి బాగుచేయించుకున్న పాత అమెరికన్ కారుని, ఇంటి దగ్గర పెట్టే చోటు లేక అమ్మకానికి పెట్టాను. ఈ రోజు రావులపాలెం నుంచి ఒకాయన వచ్చారు. పెళ్ళిళ్ళకి కార్లు అద్దెకిస్తారట. చుట్టూ తిరిగి చూసి, బేరమాడకుండానే ఒప్పేసుకున్నారు.

"టాపు కోయించేస్తానండి. ఊరేగింపులో పెళ్ళికొడుకు నలుగురికీ కనపడాలి కదండి," అన్నారు.

అయితే ఇవ్వనన్నాను.

"మీరు జీపు ఇంజను పెట్టించారు, ఏసీ పెట్టించారు. మీరు చేస్తే ముచ్చట, మేం చేస్తే తప్పాండి?"

"నేను మార్పించింది బండి తిరగడానికండి. మీ పెళ్ళికొడుకు కనపడాలంటే గుర్రం ఎక్కించండి."

ఆయన మొహం మాడ్చుకున్నారు. అంతలో వాన దంచేసింది. ఇద్దరం పరుగెత్తి ఆ కారులోనే దూరాం. లోపల ఒక్క చుక్క కారలేదు. ఆయన పైకి చూసి, "టాపు మాత్రం గట్టిదేనండి," అన్నారు.

వాన తగ్గాక వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళకి వచ్చిన ఒకే ఒక్క బేరం పోయింది. పొగరంటారా? అనండి. కొనేవాళ్ళుంటే మాత్రం చెప్పండి, టాపుతో సహా.